ఎవరబ్బాయివి?

నిమ్‌పురాలో పుట్టి పెరిగిన తెలుగువాడికి ఇంటర్వ్యూలో అన్నిటికన్నా చిక్కు ప్రశ్న "మీదేవూరు?" అన్నది. ఖరగ్‌పూర్ అంటే "అది కాదయ్యా, అసలు వూరు?" అంటారు. శ్రీకాకుళం అంటే "మరి ఇక్కడేం చేస్తున్నావు?" అంటారు. తాతలనాడు బెంగాల్ నాగపూర్ రైల్వే వర్క్‌షాపులో పనికోసం వచ్చిన కుటుంబాల వాళ్ళం. ఈ ప్రశ్నకి ఏ జవాబు చెప్పినా, పని చేయగలడా లేడా అన్నది బోర్డుకి తెలిసేదేముంది?

ఈ ప్రశ్న బోర్డుల కంటే పాతది. ఆ రోజుల్లో మన దేశపు కార్ఖానాల్లో పనికి పెట్టుకునేది మేస్త్రీలు. ఉద్యోగం ఇప్పించినందుకు వాళ్ళు లంచం పుచ్చుకుంటున్నారనీ, ఆ అధికారం వాళ్ళ చేతిలోంచి తీసి లేబర్ ఆఫీసర్లకి ఇవ్వాలనీ 1931లో విట్లీ కమిషన్ తన నివేదికలో రాసింది. మేస్త్రీ అడిగేవి రెండే: ఎవరబ్బాయివి, ఎవరు పంపారు. అతని వైపునుంచి చూస్తే అది తెలివితక్కువ ప్రశ్నేం కాదు. కుర్రాడు పారిపోతే మేనమామని పట్టుకోవచ్చు. అది జామీను. పనితనానికి కొలత మాత్రం కాదు.

కొలత వర్క్‌షాపులోనే ఉంది. ఫిట్టరుకి ట్రేడ్ టెస్ట్ అంటే, ఒక ఇనప ముక్క చేతికిచ్చి డ్రాయింగులో ఉన్న కొలతకి ఆకురాయితో అరగదీయమంటారు. తర్వాత మూలమట్టం ఆనించి సందులోంచి వెలుతురు వస్తోందేమో చూస్తారు. ఆ కుర్రాడి తండ్రి ఎవరో, వాడు ఏ భాషలో కలలు కంటాడో మూలమట్టానికి అక్కర్లేదు.

గొడవంతా కాగితం పని చేసేవాళ్ళ దగ్గర వచ్చింది. వాళ్ళని దేనితో కొలవాలి? 1921లో ఎడిసన్ తన దగ్గర ఉద్యోగానికి వచ్చినవాళ్ళకి నూటికి పైగా ప్రశ్నలిచ్చాడు. ఫ్రాన్సు సరిహద్దు దేశాలేవి, ఇలాంటివి. ఆ యేడే అమెరికా వచ్చిన ఐన్‌స్టీన్‌ని విలేకర్లు ఆ జాబితాలోంచి ధ్వని వేగం ఎంత అని అడిగితే, పుస్తకాల్లో దొరికేదాన్ని బుర్రలో మొయ్యనన్నాడు. మా డిఫెన్స్ అకౌంట్స్‌లో ఎస్.ఎ.ఎస్. పరీక్షకి కొన్ని పేపర్లు పుస్తకాలు దగ్గర పెట్టుకునే రాసేవాళ్ళం. రూలు కంఠతా వచ్చా అన్నది కాదు, ఈ బిల్లుకి ఏ రూలు వర్తిస్తుందో పట్టుకోగలవా అన్నదే పరీక్ష. ఈ ఒక్క విషయంలో మా శాఖ ఎడిసన్ కంటే తెలివైనదని నా అభిప్రాయం. (పక్షపాతం అనుకున్నా ఫరవాలేదు!)

ఇక ఇంటర్వ్యూ సంగతి. 1980 నవంబరులో సుప్రీంకోర్టు అజయ్ హసియా కేసులో తీర్పిచ్చింది. అది ఉద్యోగం కేసు కాదు, శ్రీనగర్ రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీలో సీట్ల కేసు. రాత పరీక్షకి 100 మార్కులు, ఇంటర్వ్యూకి 50. ఒక్కొక్కరికి రెండు మూడు నిమిషాలు, అందులోనూ తల్లిదండ్రులెవరు, నివాసం ఎక్కడ అన్నవే అడిగారని పిటిషనర్ల ఫిర్యాదు. చూశారా, మేస్త్రీ కోటు వేసుకుని కుర్చీలో కూచున్నాడు! ఇంటర్వ్యూకి 15 శాతం మించకూడదనీ, వీలైతే టేపు రికార్డు చెయ్యాలనీ కోర్టు చెప్పింది. 1985లో హర్యానా సర్వీస్ కమిషన్ కేసులో 22.2 శాతాన్ని 12.2కి దించమంది. మధ్యలో 1981లో లీలాధర్ కేసులో మన చిన్నపరెడ్డిగారు, వయసొచ్చిన అభ్యర్థులకి ఇంటర్వ్యూ వెయిటేజి ఎక్కువున్నా తప్పులేదని రాజస్థాన్‌వారి 25 శాతాన్ని సమర్థించారు. అంకెలు చూసే వృత్తి నాది, అయినా ఈ శాతాల వాదన నాకు సగం దారిలో ఆగినట్టే ఉంటుంది. పనికిరాని ప్రశ్నకి 12 మార్కులిచ్చినా దండగే కదా.

"నేను మనిషిని చూడగానే చెప్పేస్తా" అనే అధికారులు మనందరికీ తెలుసు. జ్యోతిష్కుడికీ వీరికీ తేడా ఏమిటి? జ్యోతిష్కుడి జోస్యం తప్పితే కనీసం మనకు తెలుస్తుంది. వీరు వెనక్కి పంపిన కుర్రాడు ఎంత బాగా పని చేసేవాడో ఎవరికీ ఎప్పటికీ తెలియదు. వాడికి ఉద్యోగం ఇవ్వలేదు కదా! అందుకే ఆ నమ్మకం ముప్ఫై ఏళ్ళ సర్వీసులో చెక్కు చెదరదు.

దీన్ని పరీక్షకి పెట్టినవాళ్ళలో డేనియల్ కానెమన్ ఒకరు. 1955 ప్రాంతంలో ఇజ్రాయెల్ సైన్యంలో ఆయనకి ఇంటర్వ్యూ పద్ధతి బాగుచేసే పని అప్పగించారు. అప్పటికి ఆయనకి ఇరవయ్యొకటో యేడు. అంతకుముందు పావుగంట కబుర్లాడి ఒక అభిప్రాయానికి వచ్చేవారు. ఆయన ఆరు లక్షణాలు ఎంచి, ఒక్కోదానికీ గతంలో జరిగినవాటి గురించే ప్రశ్నలు పెట్టాడు: ఎన్ని ఉద్యోగాలు చేశావు, వేళకి వెళ్ళేవాడివా, ఇలా. ఒకదానికి మార్కు వేశాకే రెండోదానికి వెళ్ళాలి. మమ్మల్ని మరమనుషుల్ని చేస్తున్నావని వాళ్ళు గోలపెట్టారు. సరే, ఆరూ అయ్యాక కళ్ళు మూసుకుని మీ అంచనా కూడా వెయ్యండన్నాడు. కొత్త పద్ధతి పాతదానికంటే బాగా పనిచేసింది. తమాషా ఏమిటంటే ఆ కళ్ళు మూసుకున్న అంచనా కూడా పనికొచ్చింది, కాకపోతే ఆరు ప్రశ్నల తర్వాతే.

కేంద్ర ప్రభుత్వం 2016 జనవరి 1 నుంచి గ్రూపు సి, నాన్ గెజిటెడ్ గ్రూపు బి ఉద్యోగాలకి ఇంటర్వ్యూలు తీసేసింది. నైపుణ్య పరీక్షలు ఉంచింది. నాకు సంతోషమే. కానీ నిమ్‌పురా పిల్లలు ఇప్పుడు హైదరాబాదు, బెంగుళూరు ప్రైవేటు కంపెనీలకి వెళ్తున్నారు. అక్కడ "మీ గురించి చెప్పండి" అంటారు, తండ్రి ఉద్యోగం దగ్గర మొదలవుతుంది.

అకౌంట్సు గుమాస్తా కావాలని నన్నెవరైనా సలహా అడిగితే మూడు బిల్లులివ్వమంటాను. ఒకదాంట్లో కూడిక తప్పు. ఒకదాంట్లో మంజూరు తేదీ కంటే ముందే కొనుగోలు. మూడోది శుభ్రంగా ఉండాలి, ఎందుకంటే అన్నిటికీ అభ్యంతరం పెట్టేవాణ్ణి కూడా పట్టుకోవాలి. ఏ జవాబుకి ఎన్ని మార్కులో అభ్యర్థి లోపలికి రాకముందే రాసి కవరులో పెట్టండి. అతని పేరు ఆ తర్వాత అడగండి.