పరిగె గింజ ఎవరిది?



కోత అయినాక మడిలో రాలిన కంకులు ఏరుకోవడాన్ని మనం పరిగె ఏరడం అంటాం. మా చెల్పూరు వైపు కోత మిషన్లు వచ్చాక ఆ మాట ఈ కాలం పిల్లలకు తెలియకుండా పోతున్నది. కూలికి పోయిన ఆడవాళ్లు పొద్దుగూకేవేళకు కొంగులో ఇన్ని కంకులు కట్టుకుని వచ్చేవాళ్లు. దాన్ని దొంగతనమని ఎవరైనా అంటారా?

ఇంగ్లండులో అన్నారు. సఫోక్ జిల్లాలో టిమ్‌వర్త్ అనే పల్లె ఉంది. అక్కడ మేరీ హౌటన్ అనే ఆమె అనుమతి లేకుండా చేలో దిగి పరిగె ఏరిందని ఆసామి దావా వేశాడు. పరిగె ఏరుకునే హక్కు పేదలకు లేదని 1788లో పై కోర్టు తేల్చింది. తీర్పు తీర్పే, ఆకలి ఆకలే. పందొమ్మిదో శతాబ్దంలో కూడా చాలా ఊళ్లలో పొద్దున్నే గంట కొట్టగానే ఆడవాళ్లు పిల్లలను వెంటబెట్టుకుని చేలల్లోకి పోతూనే ఉన్నారు.

కుందేలు సంగతి ఇంకా ఘోరం. రాత్రిపూట దొంగచాటు వేటకు 1828లో చట్టం తెచ్చారు. మూడోసారి పట్టుబడినవాణ్ణి ఏడేళ్లు సముద్రం దాటించి పంపవచ్చు. మరి పల్లెల్లో విచారణ చేసే మేజిస్ట్రేటు ఎవరయ్యా అంటే చాలాచోట్ల ఆ చుట్టుపక్కల భూస్వామే! కుందేలూ వాళ్లదే, తీర్పూ వాళ్లదే.

ఎక్కడి ఇంగ్లండు, ఎక్కడి మన ఊళ్లు అనకండి. నైజాం కాలంలో జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో ఉండేది. ఊరికి మాలీ పటేలు, పోలీసు పటేలు, పట్వారీ ఉండేవారు. శిస్తు ఒకరి చేతిలో, తగవులూ దొంగతనాలూ ఒకరి చేతిలో, భూమి కాగితాలు ఒకరి చేతిలో. కొలువులు తండ్రి నుంచి కొడుక్కి వచ్చేవి. వీళ్లందరి మీదా గడీలో దొర. తప్పు చేశావని అనేదీ ఆయనే, దండుగ వేసేదీ ఆయనే. చాకలి ఆడకూతురు గడీలో పిడికెడు బియ్యం తీస్తే దొంగ. ఆమెతో వెట్టికి బట్టలు ఉతికించి, గిన్నెలు కడిగించి, కూలి ఎగ్గొట్టినవాడు దొర. ఇదేం లెక్కో నాకైతే ఎప్పుడూ అర్థం కాలేదు.

ఈ లెక్కకు ఎదురు తిరిగింది పాలకుర్తి చాకలి ఐలమ్మ. మల్లంపల్లి మక్తేదారు కొండలరావు దగ్గర ఆమె భూమి కౌలుకు తీసుకుంది. చాకలి కులంలో పుట్టినామె కౌలురైతు కావడమే కొందరికి కంటగింపు. దానికి తోడు ఆంధ్ర మహాసభలో, అంటే జనం 'సంఘం' అని పిలుచుకున్నదానిలో చేరింది. తన పొలంలో పనికి రమ్మంటే రాలేదని పట్వారీ శేషగిరిరావుకు కోపం. నలభై వేల ఎకరాల ఆసామి విసునూరు దేశముఖ్ రామచంద్రారెడ్డికి సంఘమంటేనే గిట్టదు.

ఇక్కడ గమనించవలసింది పట్వారీ కలం. ఐలమ్మ దున్నిన భూమిని దేశముఖ్ తన పేర రాయించుకున్నాడు. భూమి తనదైతే పంటా తనదే గదా! పంట కోసుకురమ్మని వందమందిని పంపాడు. ఇది 1944, 45 నాటి మాట. కాగితం ప్రకారం చూస్తే తను నాటిన వరిని తను కోసుకుంటే ఐలమ్మే దొంగ.

సంఘం వాళ్లు ఇరవై ఎనిమిది మంది కర్రలు పట్టుకుని పొలం మీదికి పోయారు. దొర మనుషులు పారిపోయారు. వరి కోసి, వడ్లు ఐలమ్మ ఇంటికి చేర్చారు. పోలీసులు వచ్చింది పంట దోచుకోబోయినవాళ్ల కోసం కాదు. భీంరెడ్డి నరసింహారెడ్డి మొదలైన సంఘ నాయకులను పట్టుకుపోయి చిత్రహింసలు పెట్టారు. తర్వాత ఐలమ్మ ఇంటికి నిప్పు పెట్టారు. అయినా ఆమె భూమి వదలలేదు.

1946 జులై 4న కడవెండిలో దేశముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమురయ్య చనిపోయాడు. ఆ తరువాతి సాయుధ పోరాటం మీరెరిగినదే. జాగీర్లు 1949లో రద్దయ్యాయి. పటేలు, పట్వారీల కొలువులు మాత్రం 1984 దాకా నడిచాయి. ఐలమ్మ 1985 సెప్టెంబరు 10న కన్నుమూసింది. పట్వారీ కలం పోవడం ఆమె చూసే వెళ్లింది.