నలువది, పది: సరిహద్దు తెలుగు బడుల లెక్క

1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడు హోసూరు మద్రాసు రాష్ట్రముననే నిలిచిపోయినది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణియు ఆ రాష్ట్రమునకే చేరినది. ఎల్లలు మారినను ఇండ్లలోని భాష మారలేదు. ఇక మారవలసినదెల్ల బడిలోనే.

మన బడుల భాగ్యమును నిర్ణయించిన సంఖ్యలు రెండు. బడి మొత్తమున అన్యభాషా బాలురు 40 మందిగాని, ఒక తరగతిలో 10 మందిగాని ఉన్నచో, వారి మాతృభాషలో బోధించుటకు కనీసము ఒక ఉపాధ్యాయుని నియమింపవలెనని 1949 ఆగస్టులో విద్యామంత్రుల సమావేశము తీర్మానించినది. 1956లో ఏడవ సవరణచే రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణము ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పింప యత్నింపవలెనని చెప్పినది. అయితే ఈ సంఖ్యలు అందు లేవు.

లెక్క వేసి చూడుడు. అయిదు తరగతులలో తెలుగు పిల్లలు 39 మంది. నాలుగింట ఎనమండుగురేసి, ఒకదానియందు ఏడుగురు. బడిలో 40 లేరు, ఏ తరగతిలోను 10 లేరు. ఒక్క బాలుడు చేరినచో ఉపాధ్యాయుని అడుగుటకు ఆధారము కలుగును. దొరకినను అతడొక్కడే అయిదు తరగతులకు బోధింపవలసి వచ్చుటయు సంభవమే. ఒకటవ తరగతికి ఓనమాలు దిద్దించుచు అయిదవ తరగతికి భిన్నములు చెప్పుట ఎట్టి పనియో చేసినవారికే తెలియును.

2009 నాటి విద్యాహక్కు చట్టము వేరొక కొలత తెచ్చినది: 60 మంది వరకు ఇద్దరు, 90 వరకు ముగ్గురు, 120 వరకు నలుగురు. ఇది తలల లెక్కయే కాని భాషల లెక్క కాదు. 58 మందిలో 18 మంది తెలుగువారైనచో ఇద్దరు ఉపాధ్యాయులు రావలెను. వారిలో ఒకరికైనను తెలుగు రావలెనని ఆ లెక్క అడుగదు.

తమిళనాట 2006 చట్టముచే తమిళము మొదటి భాషగా 2006-07లో ఒకటవ తరగతిలో ప్రవేశించి, ఏటేట ఒక మెట్టెక్కి, 2015-16 నాటికి పదవ తరగతికి చేరినది. స్థానిక భాష నేర్చుట మనకు లాభమే, అందు తగవు లేదు. కాని తెలుగు అదనపు భాషగా దిగినపుడు తలిదండ్రుల మనసు చలించుట సహజము.

దోషమెల్ల ప్రభుత్వముదే అనజాలను. బడిలో చేర్చునాడు మాతృభాష గడిలో తెలుగని వ్రాయింపని తండ్రులును మనలో కలరు. ఆ గడిలో వ్రాయనివాడు నలువదిలో చేరడు. పాత పంతులు పదవీ విరమణ చేసిననాడు అధికారి తెరచి చూచునది ఆ రిజిస్టరునే.