సెలవులకు ఊరెళ్ళిన విద్యార్థి: డిగ్రీ స్థాయి గ్రామాధ్యయనానికి నూరేళ్ళ చరిత్ర

ఉపోద్ఘాతం

ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 విద్యాసంవత్సరంలో అమలులోకి వచ్చిన డిగ్రీ పాఠ్యప్రణాళిక ప్రతి విద్యార్థికీ సామాజిక సేవా ప్రాజెక్టును తప్పనిసరి చేసింది. మొదటి సంవత్సరం ముగిశాక విద్యార్థి 180 గంటలపాటు ఒక గ్రామంలోనో పట్టణ వార్డులోనో పనిచేయాలి. ఇంటింటికీ తిరిగి సామాజిక, ఆర్థిక వివరాలు సేకరించి, అక్కడ గుర్తించిన ఒక సమస్యపై అవగాహన కార్యక్రమం నిర్వహించి, నివేదిక సమర్పించాలి. దీనికి 4 క్రెడిట్లు కేటాయించారు. తెలంగాణలోని ప్రభుత్వ డిగ్రీ కళాశాలలలో ‘జిజ్ఞాస’ పేరుతో విద్యార్థి అధ్యయన ప్రాజెక్టులు సాగుతున్నాయి. ఉన్నత విద్యాసంస్థల సామాజిక బాధ్యత గురించి విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022లో సవరించిన మార్గదర్శకాలను వెలువరించింది.

ఈ ఏర్పాట్లను 2020 నాటి జాతీయ విద్యావిధానం తెచ్చిన కొత్తదనంగా పరిగణించడం పరిపాటి. కాని దక్షిణ భారతదేశంలో విద్యార్థి ప్రశ్నావళి పట్టుకొని ఊళ్ళోకి నడిచి నూరేళ్ళు దాటింది. ఆ చరిత్రను పరిశీలిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. విద్యార్థి అధ్యయనానికి విలువ తెచ్చింది దాని పరిపూర్ణత కాదు. అది భద్రంగా నిలిచి ఉండడం, తరువాతి తరం దాన్ని చేతపట్టుకొని అదే ఊరికి మళ్ళీ వెళ్ళగలగడం. నేటి నివేదికలకు కొరవడే ప్రమాదమున్నదీ ఈ లక్షణమే.

మద్రాసు తరగతి గది నుంచి ఊనగట్లకు

ఆక్స్‌ఫర్డ్‌లోని రస్కిన్ కళాశాలకు అధ్యక్షుడుగా పనిచేసిన గిల్బర్ట్ స్లేటర్ 1915లో మద్రాసు విశ్వవిద్యాలయపు తొలి భారత అర్థశాస్త్ర ఆచార్యుడుగా వచ్చాడు. రస్కిన్ శ్రామికుల ఉన్నత విద్య కోసం ఏర్పడిన కళాశాల. ఇంగ్లండు గ్రామాలలో ఉమ్మడి భూములకు కంచెలు పడిన చరిత్రపై స్లేటర్ అంతకుముందే పరిశోధన చేసి ఉన్నాడు. భారత అర్థశాస్త్రం బోధించవలసినవాడికి భారత గ్రామాన్ని గురించిన ఆధారాలు కావాలి. రెవెన్యూ లెక్కలు, సెటిల్‌మెంట్ నివేదికలు ప్రభుత్వానికి రావలసిన శిస్తును చెబుతాయి గాని, ఒక కుటుంబం ఏడాది పొడుగునా ఏమి తిన్నదీ, ఎవరి దగ్గర అప్పు చేసినదీ చెప్పవు.

ఆ లోటు పూరించడానికి స్లేటర్ ఎంచుకున్న మార్గం సరళమైనది. 1916లో ఒక ప్రశ్నావళి తయారుచేసి తన విద్యార్థుల చేతికిచ్చి, తమకు బాగా తెలిసిన ఊళ్ళను పరిశీలించి రమ్మన్నాడు. జనాభా, కమతాల పరిమాణం, నీటి వసతి, పంటలు, చేతివృత్తులు, అప్పులు, చదువు మొదలైన అంశాలపై విద్యార్థులు సేకరించిన వివరాలు 1918లో ‘సమ్ సౌత్ ఇండియన్ విలేజెస్’ అనే సంపుటంగా ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ ద్వారా వెలువడ్డాయి. తమిళ ప్రాంతం నుంచి ఇరువేల్పట్టు, దూసి, పాలకుఱిచ్చి, గంగైకొండాన్, వడమలైపురం వంటి గ్రామాలు, మలబారు నుంచి గురువాయూరు అందులో చోటుచేసుకున్నాయి. తెలుగు ప్రాంతం నుంచి ఆ సంపుటానికెక్కిన ఊరు ఊనగట్ల.

ఊనగట్ల అప్పట్లో కృష్ణా జిల్లాలోని ఊరు. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. 2022 పునర్విభజనలో చాగల్లు మండలంతోపాటు తూర్పు గోదావరి జిల్లాలోకి వచ్చింది. ఊరు కదలకపోయినా నూరేళ్ళలో దాని చిరునామా మూడు జిల్లాల గుండా ప్రయాణించింది. జిల్లా స్థాయి గణాంకాలను మాత్రమే నమ్ముకున్న చరిత్రకారుడు ఇటువంటి చోట తికమకపడక తప్పదు. పోల్చిన రెండు అంకెలు ఒకే ప్రాంతానివి కాకపోవచ్చు. ఊరిని ప్రమాణంగా తీసుకున్న అధ్యయనానికి ఈ ఇబ్బంది తక్కువ.

దాదాపు అదే కాలంలో పుణె ప్రాంతంలో హెరాల్డ్ మాన్ చేపట్టిన దక్కను గ్రామాధ్యయనం కూడా వెలువడింది. తెలుగు నాట ఆచార్య ఎన్.జి. రంగా డెల్టా గ్రామాల ఆర్థిక వ్యవస్థను పరిశీలించి 1926లో గ్రంథం ప్రకటించాడు. గుజరాత్ విద్యాపీఠంలో జె.సి. కుమారప్ప విద్యార్థుల సహాయంతో ఖేడా జిల్లా మాతర్ తాలూకాను సర్వే చేసి 1931లో నివేదిక వెలువరించాడు. మద్రాసులో పాఠ్యబోధనకు ఆధారంగా మొదలైన ఈ పద్ధతి మాతర్‌లో శిస్తు భారాన్ని ప్రశ్నించే సాధనమైంది. ఒకే పరికరం తరగతి గదికీ జాతీయోద్యమానికీ ఉపకరించింది.

తిరిగి వెళ్ళడంలోని బలం

స్లేటర్ విద్యార్థుల రచనలు ఒకే స్థాయివి కావు. పరిశీలకుల అనుభవమూ తక్కువే. అయినా అవి నేటికీ ప్రస్తావనకు రావడానికి కారణం అవి అచ్చయి గ్రంథాలయాలలో నిలవడం. 1936-37లో పి.జె. థామస్, కె.సి. రామకృష్ణన్ ఆ గ్రామాలకు మళ్ళీ పరిశీలకులను పంపారు. ఆ ఫలితాలు 1940లో పునఃసర్వే గ్రంథంగా వచ్చాయి. ఈ రెండు సర్వేల నడుమ వ్యవసాయ ధరలు కుప్పకూలిన మహామాంద్యం ఉంది. ఆ దెబ్బను ఊరి స్థాయిలో కొలవడానికి 1916 నాటి విద్యార్థుల లెక్కలే ప్రాతిపదిక అయ్యాయి. తాము రాస్తున్నది ఇరవై ఏళ్ళ తరువాత కొలబద్ద అవుతుందని వారు ఊహించి ఉండరు.

తమిళనాడు గ్రామాల విషయంలో ఈ పరంపర ఇంకా ముందుకు సాగింది. ఇరువేల్పట్టును 1961లో మార్గరెట్ హాస్వెల్, 1981లో ఎస్. గుహన్, జోన్ మెంచర్, 2008లో జాన్ హారిస్, జె. జయరంజన్, కె. నాగరాజ్ మళ్ళీ అధ్యయనం చేశారు. భూస్వామ్యపు పట్టు సడలడం, కూలీల జీవనంలో వ్యవసాయేతర పనుల పాత్ర పెరగడం వంటి దీర్ఘకాలిక మార్పులను ఒకే ఊరి ఆధారంగా తొంభై ఏళ్ళ నిడివిలో చూడగలిగారు. మద్రాసులోని అభివృద్ధి అధ్యయన సంస్థ 1980లలో దూసి, పాలకుఱిచ్చి మొదలైన గ్రామాల పునఃసర్వేలను ప్రచురించింది. ఈ స్థాయి కొనసాగింపు ఊనగట్ల పేరు చుట్టూ ఏర్పడలేదు. ఒకే సంపుటంలో పుట్టిన గ్రామాలలో కొన్నిటికి సుదీర్ఘ చరిత్ర దక్కడం, తెలుగు గ్రామానికి అది దక్కకపోవడం పరిశోధకులు గమనించదగినది.

అడిగేవారు, చెప్పేవారు

ఆ తొలి అధ్యయనాలకు ఒక పరిమితి ఉంది. 1916లో మద్రాసు ప్రెసిడెన్సీలో కళాశాల చదువు అందుకున్నవారిలో అత్యధికులు అగ్రవర్ణాల యువకులు. వారిలో భూవసతి గల కుటుంబాలవారు అనేకులు. సెలవులకు ఇంటికి వచ్చిన విద్యార్థికి ఊరి కరణం లెక్కలు అందుబాటులో ఉంటాయి. పెద్ద రైతు గాదెలో ధాన్యమెంతో తెలుస్తుంది. కాని ఊరికి దూరంగా ఉన్న మాలపల్లెలో, మాదిగపల్లెలో పాలేరు కుటుంబం గంజి తాగి పడుకున్న రాత్రులెన్నో లెక్కకు వస్తాయా? ఆ పాలేరు తన యజమాని కుమారుడు అడిగిన ప్రశ్నకు జీతం, అప్పు, దెబ్బల గురించి నిజం చెప్పగలడా? ప్రశ్నావళి తటస్థంగా ఉన్నంత మాత్రాన సమాధానం తటస్థం కాదు. అడిగేవాడు ఏ వీధి నుంచి వచ్చాడన్నది సమాధానంలో భాగమే.

నేటి డిగ్రీ కళాశాలల పరిస్థితి దీనికి భిన్నం. ప్రభుత్వ కళాశాలల తరగతి గదులలో దళిత, గిరిజన, వెనుకబడిన కులాల విద్యార్థులు, ముఖ్యంగా కుటుంబంలో తొలితరం చదువరులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. నాడు ఏ పల్లెను గురించి రాశారో, నేడు ఆ పల్లె బిడ్డలే ప్రశ్నావళి చేతబట్టుకున్నారు. పరిశోధన చరిత్ర దృష్టితో చూస్తే పాఠ్యప్రణాళికలో మార్పు కంటే ఇది పెద్ద మార్పు. కూలి రోజుల లెక్క తల్లి నోట విన్న విద్యార్థిని, పని దొరకని నెలలను వేరే గడిలో రాయాలని తెలిసే ఉంటుంది. ఆమెకు సర్వే నమూనా ఇచ్చి నింపమనడమే కాక, ప్రశ్నలను మార్చే హక్కు కూడా ఇచ్చినప్పుడే ఈ మార్పు ఫలితం అందుతుంది. అప్పుడు కూడా కొత్త చిక్కులుంటాయి. సొంత వాడలో దగ్గరివారైన పరిశోధకులే పక్క వాడలో పరాయివారు కావచ్చు. తాను ఎవరి ఇంట ఏ హోదాలో కూర్చుని అడిగినదీ నివేదికలో రాయడం అందువల్ల అవసరం.

సేవ, అధ్యయనం: వేరుపడిన దారులు

స్వాతంత్ర్యానంతరం విద్యార్థి గ్రామప్రవేశానికి కొత్త రూపం వచ్చింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1951-52లో చేపట్టిన సామాజిక సేవా విస్తరణ పథకం ఇందులో ముఖ్యమైనది. ఎస్.సి. దూబే నాయకత్వాన వివిధ శాఖల అధ్యాపకులు, విద్యార్థులు హైదరాబాదు సమీపంలోని శామీర్‌పేటలో పనిచేశారు. వైద్యం, వ్యవసాయం, పశుపోషణ వంటి రంగాలలో సేవలందిస్తూనే ఊరి జీవితాన్ని అధ్యయనం చేశారు. ఆ కృషి నుంచి వచ్చిన ‘ఇండియన్ విలేజ్’ 1955లో వెలువడి భారత గ్రామ సమాజశాస్త్రంలో తొలి ప్రామాణిక గ్రంథాలలో ఒకటిగా నిలిచింది. అక్కడ సేవ చేసే బృందం, అధ్యయనం చేసే బృందం ఒకటే. మందు కోసం వచ్చిన రోగి, పరిశోధకుడికి కుటుంబ వివరాలు చెప్పే వ్యక్తి కూడా ఒకరే.

తరువాతి దశాబ్దాలలో ఈ రెండూ వేరుపడ్డాయి. గాంధీ శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాలలో 40,000 మంది విద్యార్థులతో జాతీయ సేవా పథకం ప్రారంభమైంది. శ్రమదానం, ప్రత్యేక శిబిరాలు, దత్తత గ్రామాలు దాని ద్వారా కళాశాల జీవితంలో భాగమయ్యాయి. దాని సామాజిక ప్రయోజనం కాదనలేనిది. అయితే అధ్యయనం స్నాతకోత్తర, పరిశోధక స్థాయికి పరిమితమై, డిగ్రీ విద్యార్థికి ప్రధానంగా సేవ మిగిలింది. ఊరిలో రోడ్డు వేసిన విద్యార్థి, ఆ రోడ్డు ఏ వాడ దగ్గర ఆగిపోయిందో, ఎందుకు ఆగిపోయిందో రాయవలసిన అవసరం లేకపోయింది. నేటి సామాజిక సేవా ప్రాజెక్టు నిజమైన ప్రాముఖ్యం, విడిపోయిన ఈ రెండు దారులను డిగ్రీ స్థాయిలో మళ్ళీ కలపడంలో ఉంది.

నివేదిక భాష

తెలుగు శాఖలకు నేరుగా సంబంధించిన ప్రశ్న మరొకటి ఉంది: ఈ అధ్యయనాలు ఏ మాటలలో నమోదవుతున్నాయి? స్లేటర్ విద్యార్థులు విన్నది తెలుగు, తమిళం, మలయాళం, రాసింది ఆంగ్లం. రైతు వాడిన మాట ఆంగ్ల పదంగా మారేటప్పుడు అతని అనుభవంలో కొంత జారిపోతుంది. ఉదాహరణకు అప్పునే తీసుకుంటే, చేబదులు వేరు, తాకట్టు వేరు, ధాన్యం తీసుకొని ధాన్యంతో తీర్చే నాగు వేరు, ప్రామిసరీ నోటు వేరు, డ్వాక్రా సంఘం అప్పు వేరు. ఒక్కో మాట వెనుక ఒక్కో సామాజిక సంబంధం, ఒక్కో రకం పరువు, ఒక్కో రకం భయం ఉన్నాయి. వీటన్నిటినీ ‘రుణం’ అనే ఒక్క గడిలో వేస్తే అంకె మిగులుతుంది, సంబంధం పోతుంది.

ఈ విషయంలో తెలుగు పరిశోధనకు సొంత ఆదర్శం ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రకటించిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం (1962) వ్యవసాయ పదాలను, రెండవ సంపుటం (1971) చేనేత పదాలను ప్రాంతాలవారీగా నమోదు చేశాయి. వృత్తిదారు నోటి మాటను ఏ ప్రాంతంలో విన్నారో చెబుతూ రాసుకోవడం దాని పద్ధతి. ఆ పద్ధతిని సామాజిక సర్వేకు జోడిస్తే, అర్థశాస్త్రం విద్యార్థి నివేదిక కూడా భాషాచరిత్రకు ఆధారమవుతుంది. అర్థశాస్త్ర, తెలుగు శాఖలు ఒకే ఊరిని పంచుకోవడానికి ఇంతకంటే అనువైన సందర్భం లేదు.

ముగింపు

చరిత్ర చెబుతున్న పాఠం ఆచరణకు కష్టమైనది కాదు. 1918 సంపుటంలోని ఊళ్ళు నేటి పరిశోధకుడికి దక్కడానికి మూడు కారణాలున్నాయి: ఊరు పేరు, తేదీ, పద్ధతి స్పష్టంగా ఉండడం, అన్ని ఊళ్ళకూ ఉమ్మడి ప్రశ్నలుండడం, రాసినది గ్రంథాలయానికి చేరడం. నేటి ప్రాజెక్టు నివేదిక మార్కులు పడగానే కళాశాల బీరువాలో చేరి, కొన్నేళ్ళకు పాత కాగితాలతో కలిసిపోతే, 180 గంటల శ్రమతోపాటు ఆ ఊరివారు నమ్మి చెప్పిన మాటలూ పోతాయి. ప్రతి కళాశాలా తన పరిసరాలలోని కొన్ని గ్రామాలను స్థిరంగా ఎంచుకొని, మూడేళ్ళకో అయిదేళ్ళకో కొత్త విద్యార్థులను అదే ప్రశ్నలతో పంపి, నివేదికలను గ్రంథాలయంలో వర్గీకరించి భద్రపరిస్తే, ఒక తరంలోనే తెలుగు గ్రామాల సామాజిక చరిత్రకు అపురూపమైన ఆధార సంపద సమకూరుతుంది. అందులో వ్యక్తుల పేర్లు, అప్పుల వివరాలు బయటపడకుండా జాగ్రత్త వహించడం పరిశోధనా ధర్మం. సారాంశాన్ని గ్రామసభలో తెలుగులో చదివి వినిపించడం ఆ ఊరికి తీర్చవలసిన బాకీ.

నూరేళ్ళ క్రితం సెలవులకు ఊరెళ్ళిన విద్యార్థి రాసుకొచ్చిన కాగితాలను ఒక విశ్వవిద్యాలయం దాచిపెట్టింది కనుక ఊనగట్ల పేరు చరిత్రకెక్కింది. నేడు వేల ఊళ్ళకు అదే అవకాశం ఉంది. అది దక్కుతుందా లేదా అన్నది విద్యార్థుల సామర్థ్యం కంటే, వారు తెచ్చిన కాగితాలను కళాశాలలు ఎక్కడ ఉంచుతాయన్న దానిపైనే ఎక్కువగా ఆధారపడి ఉంది.