వందేమాతరం బ్యాడ్జీ నుంచి ఫేస్‌బుక్ దాకా

ఢిల్లీ ధౌలా కువాన్‌లోని శ్రీ వెంకటేశ్వర కళాశాల 1961లో తిరుమల తిరుపతి దేవస్థానాల సాయంతో మొదలైంది. దానికోసం పాటుపడినవారిలో ముఖ్యురాలు దుర్గాబాయి దేశ్‌ముఖ్. పక్కనున్న మెట్రో స్టేషన్‌కు ఆమె పేరే పెట్టారు. ఇంగ్లీషులోనే చదవాలన్నందుకు నిరసనగా చిన్నప్పుడే బడి మానేసిన మనిషి ఆమె! ఇవాళ ఆ స్టేషన్‌లో దిగే పిల్లలు ఇంటికెళ్ళి ఫోన్లో తమ బడిని విమర్శిస్తే, శిక్షించే హక్కు బడికి ఉందా? ఫోను కొత్తదే గాని ప్రశ్న పాతదే. తెలుగునాట దీనికి నూరేళ్ళు దాటిన చరిత్ర ఉంది.

1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్ర పాల్ రాజమండ్రిలో ఉపన్యాసాలిచ్చారు. విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని కళాశాలకు వెళ్ళారు. ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ వాటిని తీసేయమన్నాడు. విననివాళ్ళను వెళ్ళగొట్టాడు. వారిలో గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఒకరు. 1938లో హాస్టళ్ళలో వందేమాతరం పాడారని ఉస్మానియా విశ్వవిద్యాలయం వందలమందిని బహిష్కరించింది. చాలామంది నాగపూర్ వెళ్ళి చదువుకున్నారు. పి.వి. నరసింహారావుదీ అదే దారి.

1985లో కేరళలో కథ తిరగబడింది. జాతీయగీతానికి లేచి నిలబడినా, మతవిశ్వాసం వల్ల పాడలేదని ముగ్గురు పిల్లల్ని బడి నుంచి పంపేశారు. 1986లో బిజో ఇమ్మాన్యుయేల్ కేసులో సుప్రీంకోర్టు ఆ పిల్లల పక్షాన తీర్పిచ్చింది.

చూడండి, ఒకచోట పాడితే తప్పు, ఇంకోచోట పాడకపోతే తప్పు. రెండుచోట్లా చెప్పిన కారణం మాత్రం క్రమశిక్షణే! హేతువాదులకు దేశాన్ని దేవతగా కొలిచే పాటతో పేచీ ఉండొచ్చు, ఆ పిల్లల మతంతోనూ ఉండొచ్చు. అయినా వాళ్ళను గెంటేయడం అన్యాయమే. మనకు నచ్చిన మాటకే స్వేచ్ఛ అడిగితే అది స్వేచ్ఛ అనిపించుకోదు.

అలాగని ఇంటర్నెట్‌లో ఏమైనా రాయొచ్చా? 2001లో ఢిల్లీలో ఒక స్కూలు విద్యార్థి, తోటివాళ్ళు తన ముఖాన్ని ఎగతాళి చేశారన్న కసితో, అమ్మాయిల మీదా టీచర్ల మీదా బూతులతో వెబ్‌సైటు పెట్టాడు. పోలీసులు అరెస్టు చేశారు. అక్కడ నిజంగా గాయపడిన మనుషులున్నారు. బడి చూస్తూ ఊరుకోకూడదు. ఆ ఎగతాళినీ మొదట్లోనే ఆపి ఉండాల్సింది.

2015 మార్చిలో ఉత్తరప్రదేశ్‌లో ఒక మంత్రిపై పెట్టిన ఫేస్‌బుక్ పోస్టుకు 11వ తరగతి విద్యార్థిని జైలుకు పంపారు. ఇక్కడ దెబ్బ తిన్నది ఎవరు? మంత్రిగారి పరువు! ఇలాంటి అరెస్టులకు వాడుతూ వచ్చిన సెక్షన్ 66ఎను అదే నెల 24న సుప్రీంకోర్టు కొట్టేసింది. 2021లో అమెరికా సుప్రీంకోర్టు కూడా, సెలవురోజున స్నాప్‌చాట్‌లో స్కూలును తిట్టిన అమ్మాయిని శిక్షించడం తప్పంది. తీవ్రమైన వేధింపులు, బెదిరింపుల విషయంలో మాత్రం బడి జోక్యం చేసుకోవచ్చంది.

కాబట్టి నిరూపణ భారం బడిదే. ఏ విద్యార్థికి, ఏ టీచరుకు, ఏ హాని జరిగిందో చూపించాలి. చూపిస్తే ఆ హాని మేరకే చర్య తీసుకోవాలి. 'బడి పరువు పోయింది' అనడం సాక్ష్యం కాదు. రేపు మన పిల్ల 'సైన్సు మాస్టారు క్లాసులో జాతకాలు చెప్తున్నారు' అని రాస్తే, మొట్టమొదట పోయేది ఆ పరువే!