అల్యూమినియం కూర్పు స్తంభాల బక్లింగ్ నిరోధం

రెండు గాని, అంతకంటే ఎక్కువ గాని అల్యూమినియం అంగాలను కొంత ఎడంగా నిలిపి, ఏటవాలు కడ్డీలతోనో అడ్డ పలకలతోనో కలిపి ఒకే స్తంభంగా పనిచేసేటట్లు కూర్చిన నిర్మాణాన్ని కూర్పు స్తంభం (బిల్టప్ కాలమ్) అంటారు. నిలువు భారం పడినప్పుడు లోహం నలగకముందే స్తంభం పక్కకు వంగిపోవడాన్ని బక్లింగ్ అంటారు. ప్లాస్టిక్ స్కేలును నిలబెట్టి పైనుండి నొక్కితే అది విల్లులా వంగడం ఇందుకు తేలికైన ఉదాహరణ. అలా వంగిపోకుండా స్తంభం మోయగల గరిష్ఠ భారమే దాని బక్లింగ్ నిరోధం.

చరిత్ర

స్విట్జర్లాండుకు చెందిన గణిత శాస్త్రవేత్త లియొనార్డ్ ఆయిలర్ 1744లో స్తంభాల సందిగ్ధ భారానికి సూత్రం ఇచ్చాడు. స్థితిస్థాపక అవధి దాటిన స్తంభాలకు జర్మన్ ఇంజనీరు ఫ్రెడరిక్ ఎంగెసర్ 1889లో స్పర్శరేఖా గుణక సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు. షియర్ వలన స్తంభపు బలం ఎంత తగ్గుతుందో 1891లో లెక్కకట్టినవాడు కూడా ఇతడే.

ఈ లెక్కలను తేలికగా తీసుకోరాదని లోకానికి తెలియజెప్పినది కెనడాలోని క్విబెక్ వంతెన ప్రమాదం. 1907 ఆగస్టు 29న నిర్మాణంలో ఉన్న ఆ ఉక్కు వంతెన కూలి 75 మంది కార్మికులు మరణించారు. సంపీడనంలో ఉన్న కింది అంగాల భాగాలను కలిపే జాలీ కడ్డీలు బలహీనంగా ఉండడమే ముఖ్య కారణమని విచారణ సంఘం తేల్చింది. ప్రధాన అంగాలు ఎంత లావుగా ఉన్నా, వాటిని కలిపే చిన్న కడ్డీలు చాలకపోతే మొత్తం నిర్మాణమే నిలవదని దీనివలన రుజువైంది. 1947లో షాన్లీ అల్యూమినియం మిశ్రమలోహపు స్తంభాలపై చేసిన పరిశీలన ఎంగెసర్ సిద్ధాంతానికి సరైన వివరణ ఇచ్చింది.

అల్యూమినియం ప్రత్యేకతలు

* యంగ్ గుణకం: అల్యూమినియానికి చదరపు మి.మీ.కు సుమారు 70,000 న్యూటన్లు, ఉక్కుకు 2,10,000 న్యూటన్లు. కనుక ఒకే కొలతలు గల అల్యూమినియం స్తంభపు ఆయిలర్ భారం ఉక్కు స్తంభపు భారంలో మూడవ వంతు మాత్రమే.
* సాంద్రత: ఘనపు మీటరుకు సుమారు 2,700 కిలోలు. ఇది కూడా ఉక్కు సాంద్రతలో దాదాపు మూడవ వంతే.
* మెత్తబడు హద్దు: మెత్తని ఉక్కుకు ఉన్నట్లు స్పష్టమైన హద్దు ఉండదు. అందువలన 0.2 శాతం శాశ్వత వికృతి కలిగించే ప్రతిబలాన్ని ప్రమాణంగా తీసుకుంటారు.
* వెల్డింగు: 6082-టి6 వంటి వేడిచికిత్స చేసిన మిశ్రమలోహాలలో వేడి సోకిన మేర బలం సుమారు సగానికి పడిపోతుంది.

దృఢత్వం తక్కువ కనుక అంగాలను ఎడంగా ఉంచడం అల్యూమినియం విషయంలో ఎంతో లాభదాయకం. అంగాల మధ్య దూరం రెట్టింపైతే జడత్వ భ్రామకం నాలుగు రెట్లవుతుంది.

గణన పద్ధతి

ఐరోపా ప్రమాణమైన యూరోకోడ్ 9 ప్రకారం రెండు అంగాలు, ఏటవాలు కడ్డీలు (లేసింగ్) గల స్తంభానికి ఈ క్రమాన్ని పాటిస్తారు.

1. జడత్వ భ్రామకం = 0.5 × (అంగాల కేంద్రాల మధ్య దూరం)² × ఒక అంగపు వైశాల్యం

2. సందిగ్ధ భారం = పై² × యంగ్ గుణకం × జడత్వ భ్రామకం ÷ (పొడవు)²

3. షియర్ దృఢత్వం: అడ్డ కడ్డీలు లేని లేసింగ్ అయితే = తలాల సంఖ్య × యంగ్ గుణకం × కడ్డీ వైశాల్యం × గడి పొడవు × (అంగాల మధ్య దూరం)² ÷ (2 × (కడ్డీ పొడవు)³). ఇక్కడ గడి అనగా ఒకే అంగంపై వరుసగా ఉన్న రెండు కీళ్ళ మధ్య భాగం.

4. ఏ స్తంభమూ పూర్తిగా తిన్నగా ఉండదు. కాబట్టి మధ్యలో పొడవులో 500వ వంతు తొలివంపు ఉన్నదని భావిస్తారు.

5. వంపు భ్రామకం = భారం × తొలివంపు ÷ (1 − భారం ÷ సందిగ్ధ భారం − భారం ÷ షియర్ దృఢత్వం)

ఉదాహరణ

రెండు చివరల కీలు గల 6 మీటర్ల స్తంభాన్ని తీసుకొందాం. ఒక్కొక్క ఛానెల్ వైశాల్యం 1,500 చ.మి.మీ., వాటి మధ్య దూరం 300 మి.మీ., గడి పొడవు 600 మి.మీ. రెండు తలాలలోనూ 100 చ.మి.మీ. వైశాల్యం గల కడ్డీలున్నాయి. స్తంభంపై భారం 400 కిలోన్యూటన్లు.

* జడత్వ భ్రామకం: 6.75 కోట్ల మి.మీ.⁴
* సందిగ్ధ భారం: 1,295 కిలోన్యూటన్లు
* కడ్డీ పొడవు: 424 మి.మీ.; షియర్ దృఢత్వం: 4,950 కిలోన్యూటన్లు
* తొలివంపు: 12 మి.మీ.; వంపు భ్రామకం: సుమారు 7.86 కిలోన్యూటన్ మీటర్లు
* ఒక అంగంపై గరిష్ఠ బలం: 200 + 26 = 226 కిలోన్యూటన్లు
* షియర్ బలం (పై × వంపు భ్రామకం ÷ పొడవు): 4.1 కిలోన్యూటన్లు; ఒక్కొక్క కడ్డీలో బలం: 2.9 కిలోన్యూటన్లు

తరువాత ఒక్కొక్క ఛానెల్‌ను 600 మి.మీ. పొడవు గల చిన్న స్తంభంగా పరీక్షించాలి. దాని కనిష్ఠ భ్రమణ వ్యాసార్ధం 20 మి.మీ. అయితే సన్నదనపు నిష్పత్తి 30 అవుతుంది. లోహపు బలం చదరపు మి.మీ.కు 250 న్యూటన్లు అయి, గోడలు విడిగా ముడతపడనంత మందంగా ఉంటే, తగ్గింపు గుణకం 0.88 వస్తుంది. భద్రతా గుణకం 1.1తో భాగించగా నిరోధం సుమారు 300 కిలోన్యూటన్లు. ఇది 226 కంటే ఎక్కువ కనుక ఈ పరీక్షలో ఛానెల్ సురక్షితం. కడ్డీలను, వాటి అతుకులను, రెండవ అక్షం చుట్టూ బక్లింగును కూడా ఇదే విధంగా సరిచూడాలి.

కడ్డీల ప్రాముఖ్యం

పై ఉదాహరణలో షియర్‌ను కలిపి లెక్కిస్తే సందిగ్ధ భారం 1,295 నుండి సుమారు 1,026 కిలోన్యూటన్లకు, అంటే 21 శాతం తగ్గుతుంది. సన్నదనపు నిష్పత్తి 12 శాతం పెరిగినదానితో ఇది సమానం. ఉక్కు కట్టడాల భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 800 (2007) లేసింగ్ స్తంభాలకు ఈ పెరుగుదలను 5 శాతంగా తీసుకొమ్మంటుంది. ఆ నియమాన్ని సన్నని కడ్డీలున్న అల్యూమినియం స్తంభానికి యథాతథంగా వాడితే బలాన్ని ఎక్కువగా అంచనా వేసినట్లవుతుంది. ఈ తేడాకు కారణం లోహం కాదు, కడ్డీల సన్నదనం. యంగ్ గుణకం రెండు సూత్రాలలోనూ ఉన్నందున నిష్పత్తిలో కొట్టివేయబడుతుంది.

అడ్డ పలకలు (బ్యాటెన్) మాత్రమే ఉన్న స్తంభాలలో షియర్‌ను అంగాలు, పలకలు తాము వంగుతూ మోయాలి. అందువలన అవి సాధారణంగా లేసింగ్ స్తంభాలకంటే తక్కువ దృఢంగా ఉంటాయి. ఆ వంపు ఎక్కువగా పడే చోటనే వెల్డింగు ఉంటే, వేడి సోకి తగ్గిన బలాన్నే లెక్కలో తీసుకోవాలి.

ఇవి కూడా చూడండి

* అల్యూమినియం
* స్థితిస్థాపకత
* లియొనార్డ్ ఆయిలర్
* క్విబెక్ వంతెన