స్పీకరు స్టాండెక్కిన కథ

2024 ఏప్రిల్ 5, శుక్రవారం పొద్దున పది గంటల ఇరవైమూడు నిమిషాలకి మన న్యూజెర్సీలో భూమి కంపించింది, గుర్తుందా? తీవ్రత 4.8. కేంద్రం మన జెర్సీ సిటీకి పడమటగా, హంటర్‌డన్ కౌంటీలో. ఆ సమయానికి నేను ఇంట్లోంచి పనిచేస్తూ ఫోన్లో మీటింగులో ఉన్నాను. కంపం ఆగాక చూస్తే, టీవీ పక్కన స్టాండు మీదున్న ఎడమ స్పీకరు సగం బయటికొచ్చి అంచున నిలబడి ఉంది. దాని కింద మా మూడేళ్ళవాడు రైలుబొమ్మలు పరుచుకుని కూర్చున్నాడు. వాడికేం కాలేదు. నిజానికి ఆ పెట్టె ఒక్కరోజులో అంత దూరం జరగలేదు. నెలల తరబడి నేను పెట్టిన పాటల అదురుకి కొంచెం కొంచెంగా జరుగుతూనే ఉంది, నేనే చూసుకోలేదు.

స్పీకరు అసలు స్టాండు మీదకి ఎందుకెక్కింది? ఈ ప్రశ్నకి జవాబు మన ఊళ్ళోనే మొదలుపెట్టవచ్చు. 1921 జూలై 2న జెర్సీ సిటీలో డెంప్సీ, కార్పెంటియర్ బాక్సింగ్ పోటీ జరిగింది. టెక్స్ రికార్డ్ అనే ఆయన చెక్కతో కట్టించిన బాయిల్స్ థర్టీ ఏకర్స్ స్టేడియంలో ఎనభై, తొంభై వేల మంది కిక్కిరిశారు. జనం కదిలినప్పుడల్లా ఆ కట్టడమే ఊగిందట! రింగు పక్కనుంచి చెప్పిన మాటల్ని టెలిఫోను తీగ మీద హోబోకెన్‌కి పంపి, అక్కడ ఇంకొకరు మళ్ళీ చదివి రేడియోలో ప్రసారం చేశారు. ఊరూరా థియేటర్లలో లౌడ్‌స్పీకర్ల ముందు కూర్చుని జనం విన్నారు. నాలుగో రౌండులో డెంప్సీ గెలిచాడు. స్టేడియాన్ని 1927లో పడగొట్టారు.

అప్పటి లౌడ్‌స్పీకరంటే బూర. 1925లో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీర్లు రైస్, కెలాగ్ కాగితపు కోను, తీగచుట్ట ఉన్న స్పీకరుని వివరించారు. ఈనాటికీ మన ఇళ్ళలో ఉన్నది ఎక్కువగా అదే పద్ధతి. అయితే మంద్రస్వరాలు బాగా పలకాలంటే పెట్టె బీరువాంత ఉండాల్సొచ్చేది. దాన్ని ఎవరూ తొయ్యలేరు, పడుతుందన్న భయమే లేదు. 1954లో మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జిలో ఎడ్గర్ విల్చర్, హెన్రీ క్లాస్ ఏఆర్-1 తెచ్చారు. పెట్టెని గాలి చొరకుండా మూసి, లోపలి గాలినే స్ప్రింగుగా వాడుకున్నారు. దాంతో పెద్ద శబ్దం పుస్తకాల అరలో పట్టేసింది.

తీరా అరలో పెడితే గోడ దగ్గరై మంద్రం గుబగుబలాడుతుంది. అందుకని గోడకి దూరంగా, కూర్చున్న మనిషి చెవి ఎత్తుకి వచ్చేలా స్టాండు మీద పెట్టడం మొదలైంది. 1970లలో బీబీసీ వాళ్ళు తమ ప్రసార వ్యాన్ల కోసం చేయించిన ఎల్ఎస్3/5ఏ లాంటి బుల్లి స్పీకర్లు ఇళ్ళలోకి వచ్చాక ఈ అలవాటు బాగా పాకింది. పెట్టె చిన్నదైంది, కానీ బరువంతా సన్నటి కాలు మీద, నడుమెత్తులో! మన అమ్మమ్మలు రేడియోని గోడ గూట్లో పెట్టి, పైన అల్లిన గుడ్డ కప్పేవారు. వాళ్ళకి ఈ బాధ లేదు.

ఇక నేను చేసిందేమిటంటే, స్టాండు గొట్టంలో పొడి ఇసుక నింపి కిందిభాగం బరువెక్కించాను. అడుగున మేకుల్లాంటి మొనలు బిగిస్తే కార్పెట్టుని దాటి నేలమీద ఆనతాయి. చెక్కనేలైతే మొన కింద ఒక నాణెం పెట్టాలి, లేకపోతే గుంట పడి డిపాజిట్ పోతుంది. స్పీకరుకీ పళ్ళేనికీ మధ్య నాలుగు మూలలా పోస్టర్లు అంటించే మెత్తటి జిగురుముద్ద శనగగింజంత పెట్టి గట్టిగా నొక్కాను. నేను మొదట హవాయి చెప్పు ముక్కలు పెట్టాను, అవి జారకుండా ఆపాయి గానీ పెట్టెని పట్టుకోలేదు. తియ్యాలంటే పైకి లాగకూడదు, మెల్లగా మెలితిప్పాలి, లేకపోతే పైపొర ఊడొస్తుంది. ఇంట్లో పాకే పిల్లలుంటే మాత్రం ఈ ముద్దని నమ్ముకోవద్దు. పిల్లవాడు స్టాండు పట్టుకుని లేచి నిలబడితే మొత్తం కలిసి పడుతుంది. స్టాండుని పటకాతో గోడలోపలి చెక్కకి కట్టెయ్యండి. అద్దె ఇల్లయితే ఓనర్ని అడిగి రెండు మేకులు కొట్టండి, ఖాళీ చేసేటప్పుడు పూడ్చుకోవచ్చు.

మా వాడి రైలుస్టేషను ఇప్పుడు సోఫా వెనక్కి మారింది.