దర్వాజా దగ్గర 'నేను'

1922లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయం తన దరఖాస్తు ఫారంలో కొన్ని కొత్త ప్రశ్నలు చేర్చింది. నీ జాతి ఏమిటి? రంగు ఏమిటి? మతం ఏమిటి? తల్లి పుట్టింటి పేరేమిటి? తండ్రి ఎక్కడ పుట్టాడు? ఇవన్నీ ఒక ఎత్తు, ఇంకొక ప్రశ్న ఒక ఎత్తు. పుట్టిన తర్వాత నీ పేరులో గానీ, నీ తండ్రి పేరులో గానీ ఏదైనా మార్పు జరిగిందా, జరిగితే పూర్తిగా వివరించమని ఆ ప్రశ్న.

కుర్రాడు చదువుకుంటానని వస్తే వాళ్ల నాన్న పేరు మార్చుకున్నాడో లేదో కాలేజీకి దేనికి? ఈ సంగతి మనకెవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. అద్దె ఇంటి కోసం వెళ్లి, పేరు చెప్పగానే ఇంటాయన గొంతులో వచ్చే మార్పు ఎరిగినవాళ్లం. వచ్చినవాడు ఏ గల్లీవాడో, ఎవరిని మొక్కుతాడో కనిపెట్టడానికి పేరు కంటే దగ్గర దారి లేదు. హార్వర్డ్ అప్పుడు కనిపెట్టాలనుకున్నది యూదుల్ని.

ఇవాళ అమెరికాలో పేరున్న కాలేజీల్లో డిగ్రీ సీటు కావాలంటే పిల్లలు తమ గురించి తాము ఒక వ్యాసం రాయాలి. పర్సనల్ ఎస్సే అంటారు. దాన్ని ఎలా రాస్తే సీటొస్తుందో చెప్పే పుస్తకాలున్నాయి. కోచింగులున్నాయి. బాగా డబ్బు తీసుకుని దిద్దిపెట్టే కన్సల్టెంట్లున్నారు. ఇప్పుడైతే అడిగిన మరుక్షణం రాసిచ్చే యంత్రాలూ వచ్చాయి. ఆ వ్యాసం ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పేవాళ్లు మాత్రం తక్కువ. ఆ ప్రశ్నను ఎవరు, ఎందుకు అడగడం మొదలుపెట్టారో తెలియనివాడు దానికి గట్టి జవాబు రాయలేడని నా నమ్మకం. ముఖ్యంగా మనబోటి పేర్లున్నవాడు.

1

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ వంటి పెద్ద కాలేజీల్లో చేరడానికి ప్రవేశ పరీక్ష ఉండేది. 1901 నుంచి కాలేజీ బోర్డు ఉమ్మడి పరీక్షలు పెట్టింది. గట్టెక్కినవాడికి దాదాపు సీటొచ్చినట్టే. ఇది పేదల పక్షాన ఉన్న పద్ధతేమీ కాదు. లాటిన్, గ్రీకు చెప్పే బడికి వెళ్లగలిగినవాళ్లకే ఆ పరీక్ష అందేది. అయినా పరీక్ష పేపరుకు కళ్లు లేవు. రాసినవాడి ముఖం ఎలా ఉందో, యాస ఎలా ఉందో దానికి తెలియదు.

రష్యాలో, తూర్పు యూరప్‌లో దాడులకూ దరిద్రానికీ తాళలేక ఓడలెక్కి వచ్చిన యూదుల పిల్లలు అమెరికా సర్కారీ బడుల్లో చదివి ఈ పరీక్షలు గట్టెక్కడం మొదలుపెట్టారు. 1900లో హార్వర్డ్ విద్యార్థుల్లో యూదులు 7 శాతం. 1922 నాటికి 21 శాతం దాటారు. న్యూయార్క్‌లోని కొలంబియాలో ఇంకా ఎక్కువ. పెద్దింటివాళ్లకు కంగారు పుట్టింది. కొలంబియా 1919లోనే మతమూ తండ్రి పుట్టిన చోటూ అడిగే ఫారం తెచ్చింది. ఫొటో అడిగింది. మనిషిని పిలిచి మాట్లాడి చూస్తానంది.

హార్వర్డ్ అధ్యక్షుడు లోవెల్ 1922లో బాహాటంగానే యూదుల సంఖ్యకు హద్దు పెట్టాలన్నాడు. ఆయన చెప్పిన కారణం వినదగ్గది. యూదుల సంఖ్య పెరిగేకొద్దీ వాళ్ల మీద ద్వేషం పెరుగుతుందట. కాబట్టి తగ్గించడం వాళ్ల మేలుకేనట. మీ మంచి కోసమే చెబుతున్నాం, కాస్త తగ్గి ఉండండి అనే ఈ మాట మనం ఎన్ని నోళ్ల వెంట వినలేదు?

కోటా అన్న మాట బయటపడేసరికి గొడవైంది. 1923లో ప్రొఫెసర్ల కమిటీ దాన్ని తోసిపుచ్చింది. లోవెల్ ఓడిపోయాడనుకున్నారు. 1926లో ఆయన దొడ్డిదారిన గెలిచాడు. మొదటి సంవత్సరం తరగతిని వెయ్యిమందికి పరిమితం చేశారు. మార్కులొక్కటే చాలవు, 'క్యారెక్టర్' కూడా చూడాలన్నారు. దరఖాస్తుకు ఫొటో జత చెయ్యమన్నారు. మార్కులైతే లెక్క అడగొచ్చు. క్యారెక్టర్‌కు లెక్కేముంది? ఫలానావాడికి సీటు ఎందుకివ్వలేదంటే వ్యక్తిత్వం సరిపోలేదంటే చాలు. చూస్తుండగానే యూదుల శాతం పడిపోయింది. యేల్, ప్రిన్స్‌టన్‌లదీ అదే దారి.

సిఫారసు ఉత్తరం, ఇంటర్వ్యూ, ఆటపాటల జాబితా, తన గురించి తాను రాసుకునే వ్యాసం. మార్కులకు బయట మనిషిని తూచే ఈ సరంజామా అంతా వేళ్లూనుకున్నది ఆ నేలలోనే. నువ్వెవరు అన్న ప్రశ్న అక్కడ ముద్దుగా పుట్టలేదు. వడపోతకు పుట్టింది.

2

చరిత్ర అక్కడే ఆగిపోతే ఇదంతా కుట్ర అని తేల్చేసి ఊరుకోవచ్చు. ఆగలేదు. తలుపు మూసే తాళంచెవే తలుపు తెరుస్తుంది కూడా. పౌరహక్కుల ఉద్యమం తర్వాత, మనిషిని మొత్తంగా చూడాలన్న అదే మాట పట్టుకుని నల్లజాతి పిల్లలకు కొంత దారి ఏర్పడింది. 1978లో బకీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు విడిగా కోటాలు చెల్లవంది. అయితే అనేక విషయాల్లో ఒకటిగా జాతిని చూడొచ్చని ఆ తీర్పులో జస్టిస్ పావెల్ రాశాడు. ఆదర్శంగా ఆయన చూపించింది ఏ పద్ధతినో తెలుసా? హార్వర్డ్ పద్ధతినే. యూదుల్ని ఆపడానికి అల్లిన వల యాభై ఏళ్లకు మరొకళ్లకు నిచ్చెన అయింది.

మళ్లీ ముప్పై ఆరేళ్లకు, 2014లో, హార్వర్డ్ మీద ఇంకో కేసు పడింది. ఈసారి ఆసియా సంతతి విద్యార్థులకు అన్యాయం జరుగుతోందని. 2018లో విచారణ జరిగినప్పుడు 'పర్సనల్ రేటింగ్' అనే సంగతి అందరి నోళ్లలో నానింది. చదువులో ముందున్న ఆసియా పిల్లలకు వ్యక్తిత్వం దగ్గర సగటున తక్కువ మార్కు పడుతోంది. ఇది వివక్ష కాదని విశ్వవిద్యాలయం వాదించింది. 2019లో కింది కోర్టు ఆ వాదనను ఒప్పుకుంది. 2023 జూన్ 29న సుప్రీంకోర్టు మొత్తం లెక్కనే తిరగేసింది. సీట్లిచ్చేటప్పుడు జాతిని పరిగణించడమే చెల్లదంది.

కానీ ఒక కిటికీ తెరిచి ఉంచింది. జాతి తన బతుకును ఎలా తాకిందో విద్యార్థి వ్యాసంలో రాసుకుంటే కాలేజీ చదవొచ్చునన్నాడు ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్. అయితే అది ఆ విద్యార్థి గుణానికో సామర్థ్యానికో ముడిపడి ఉండాలట. కోర్టు కాదన్నదాన్ని వ్యాసాల చాటున మళ్లీ తేకూడదట. ఆ ఏడాదే హార్వర్డ్ తన ఐచ్ఛిక వ్యాసాన్ని తీసేసి ఐదు చిన్న ప్రశ్నలు పెట్టింది.

దీని అర్థం ఏమిటి? జాతి అన్న గడిలో టిక్కు పెడితే లెక్కలోకి రాదు. కథగా చెప్పుకుంటే రావచ్చు. శతాబ్దాల బానిసత్వం, వలస, వెలి, వీటన్నిటి బరువూ 17 ఏళ్ల పిల్ల భుజాన పెట్టి, 650 మాటల్లో చెప్పమన్నారు. వెయ్యికి పైగా కాలేజీలు వాడే కామన్ అప్లికేషన్‌లో ప్రధాన వ్యాసానికి గరిష్ఠ పరిమితి అది. 1975లో 15 కాలేజీలతో మొదలైన ఆ ఫారంలో ఇచ్చే ప్రశ్నల్లో, నీ నేపథ్యం గురించో నీ అస్తిత్వం గురించో చెప్పమనేది ఒకటి.

3

ఇందులోకి మన పిల్లలు ఎలా వచ్చారు? 1965లో అమెరికా వలస చట్టం మారాక ఇక్కణ్ణుంచి డాక్టర్లూ ఇంజనీర్లూ వెళ్లారు. తెలుగువాళ్లు వెళ్లారు, వాళ్లలో ముస్లింలూ వెళ్లారు. షికాగో డెవాన్ అవెన్యూలో హైదరాబాదీ ఉర్దూ వినిపిస్తుంది. వాళ్ల పిల్లలు ఈ వ్యాసం రాస్తారు. ఇక్కడి టోలీచౌకి నుంచో గుంటూరు నుంచో నేరుగా డిగ్రీకి వెళ్లాలనుకునే పిల్లలూ రాస్తారు.

ఇక్కడి పిల్లలకు ఇంకో కష్టం ఉంది. నిన్నటి ఎంసెట్, నేటి ఈఏపీసెట్ వాళ్లను ఎన్నడూ నువ్వెవరు అని అడగలేదు. ర్యాంకు ఎంత అని అడిగింది. వెనకబాటు లెక్కకొస్తే సర్టిఫికెట్ అడిగింది. 2007 చట్టంతో వచ్చిన బీసీ-ఇ 4 శాతం కోసం తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగిన కుటుంబానికి తన అస్తిత్వం ఒక కాగితం. ఇంటర్ రెండేళ్లూ హాస్టల్లో బిట్లు బట్టీ పట్టిన పిల్లవాణ్ణి ఒక్కసారిగా నీ గురించి చెప్పమంటే ఏం చెబుతాడు?

నేను రెండు భాషల పత్రికల్లో పనిచేసేవాణ్ణి కాబట్టి, తెలిసినవాళ్లు పిల్లల వ్యాసాలు తెచ్చి చూపిస్తుంటారు. చాలామంది పిల్లలు అడిగే ప్రశ్న ఒకటే. "చాచా, ముస్లిం అని రాయాలా, వద్దా?"

ఆ ప్రశ్నలో భయం ఉంది. ఆ భయానికి చరిత్ర ఉంది. 2001 సెప్టెంబరు తర్వాత, 2002లో అమెరికా ప్రభుత్వం 16 ఏళ్లు దాటిన విదేశీ మగవాళ్లు వచ్చి పేరు నమోదు చేయించుకోవాలని ప్రత్యేక రిజిస్ట్రేషన్ పెట్టింది. 25 దేశాల జాబితాలో ఉత్తర కొరియా తప్ప మిగతావన్నీ ముస్లింలు ఎక్కువగా ఉన్న దేశాలే. పాకిస్తాన్, బంగ్లాదేశ్ ఉన్నాయి. భారతదేశం లేదు. అయినా పేరు విని అనుమానించేవాడు పాస్‌పోర్టు తెరిచి చూస్తాడా? 1922లో కాలేజీ అడిగింది, పేరు మార్చుకున్నావా అని. ఇప్పుడు ఎవరూ అడక్కుండానే మొహమ్మద్ 'మో' అయిపోతున్నాడు.

ఇది దాచుకునే దారి. రోబోటిక్స్ రాస్తారు, క్రికెట్ రాస్తారు, అమ్మీ ఏ భాషలో లాలిపాట పాడిందో రాయరు. రెండోది అమ్ముకునే దారి. గాయం ఉంటే సీటొస్తుందని ఎవరో చెబుతారు. తనకు జరగని అవమానం తనదిగా రాస్తారు. పాతబస్తీలో ఒక్కరోజూ ఉండనివాడు పాతబస్తీ కన్నీళ్లు రాస్తాడు. దాచుకున్నవాడూ అమ్ముకున్నవాడూ ఇద్దరూ ఆ గేటు దగ్గర కూర్చున్నవాడి కళ్లతోనే తమను చూసుకున్నారు.

2017లో న్యూజెర్సీకి చెందిన ఒక బంగ్లాదేశీ సంతతి ముస్లిం విద్యార్థి, నీకు ఏది ముఖ్యం, ఎందుకు అని స్టాన్‌ఫర్డ్ అడిగితే, నల్లజాతి ప్రాణాలకు విలువుందన్న నినాదాన్ని వందసార్లు రాసి ఊరుకున్నాడు. సీటొచ్చింది. తిట్టినవాళ్లు తిట్టారు, మెచ్చుకున్నవాళ్లు మెచ్చుకున్నారు. నాకు అందులో కనిపించింది ఒకటే. నిన్ను నువ్వు వివరించుకో అంటే అతను వివరణ ఇవ్వలేదు. అలాగని అది అందరూ పట్టుకునే పద్ధతి కాదు. రెండోవాడు రాస్తే అది నకలు.

4

మరి గట్టి వ్యాసం అంటే ఏమిటి? ఇక్కడ మన తెలుగు సాహిత్యం చెప్పే పాఠం ఒకటుంది. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది. 1998లో 'జల్‌జలా' కవితా సంకలనం వచ్చింది. తెలుగులో ముస్లిం 'నేను' అని గొంతెత్తి అన్న కాలం అది. ఆ 'నేను'ను ఎవరూ అడగలేదు. ఏ సీటూ ఇస్తామనలేదు. అడక్కుండా చెప్పింది కాబట్టే దానికి ఆ బలం. అడిగితే చెప్పే 'నేను'కు ఎదుటివాడికి నచ్చాలన్న మజ్బూరీ ఉంటుంది. అడక్కుండా చెప్పే 'నేను'కు నిజమైతే చాలు.

గట్టి వ్యాసం రాయడమంటే మొదటి 'నేను' నిలబడాల్సిన చోట నిలబడి రెండో 'నేను'తో మాట్లాడటం.

ఇది గాలిమాట కాదు, చేసి చూసుకోవచ్చు. ఉదాహరణకు పేరే తీసుకోండి. జాన్‌పహాడ్ సైదులు దర్గాకు మొక్కుకుని పుట్టిన బిడ్డలకు ఆ చుట్టుపక్కల హిందువులు కూడా సైదులు, సైదమ్మ అని పేర్లు పెట్టుకుంటారు. ఒక ముస్లిం పిల్ల తన పేరే ఉన్న పక్కింటి హిందూ పిల్లతో కలిసి పెరిగిన సంగతి రాస్తే, బళ్లో ఇద్దరినీ మాస్టారు ఎలా వేరుచేసి పిలిచేవారో రాస్తే, అందులో మతమూ వస్తుంది, ఊరూ వస్తుంది, ఆ పిల్ల చూపూ వస్తుంది. సామరస్యం అన్న మాట ఎక్కడా వాడనక్కర్లేదు. దూదేకుల ఇంటి పిల్లవాడు అటకమీది దూదేకే విల్లు గురించి రాయొచ్చు. ఆ పని ఎందుకు ఆగిపోయిందో తాతను అడిగి తెలుసుకుని రాయొచ్చు. జాతి మొత్తానికి ప్రతినిధిగా రాయనక్కర్లేదు. ఒక ఇంటికి ప్రతినిధిగా రాస్తే చాలు.

అవమానం నిజంగా జరిగి ఉంటే తప్పకుండా రాయాలి. అయితే వాడు ఏమన్నాడు అన్నదగ్గర ఆగకూడదు. ఆ మర్నాడు నువ్వు ఏం చేశావన్నది రాయాలి. గాయం ఇతరుల చేతి పని. మర్నాడు మాత్రం నీది. జరగకపోతే రాయొద్దు. ముస్లిం అన్న మాట ఎక్కడా లేకుండా తేనెటీగల గురించో గణితం గురించో రాయాలనిపిస్తే అదీ నీ హక్కే. దాచడం వేరు, చెప్పాలనిపించకపోవడం వేరు. ఆ తేడా రాసేవాడికి తెలుస్తుంది.

భాష విషయంలో ఇంకొక మాట. మన పిల్లలు ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, బళ్లో ఇంగ్లీషు. ముందు ఆ సంగతిని అమ్మీకి చెప్పినట్టు ఉర్దూలోనో, స్నేహితుడికి చెప్పినట్టు తెలుగులోనో నోటితో చెప్పి చూసుకోమంటాను. నోటికి రాని గొప్ప మాటలు కాగితం మీదికీ రాకూడదు. కన్సల్టెంటు రాసినా యంత్రం రాసినా మాటలు నున్నగా ఉంటాయి. వాటికి ఏ గల్లీ మట్టీ అంటదు.

ముందు సీటు రానివ్వండి సాబ్, అస్తిత్వం సంగతి తర్వాత చూద్దాం అంటారు తండ్రులు. వాళ్ల ఆత్రం నాకు అర్థమవుతుంది. బ్యాంకు అప్పు తెచ్చి పంపేవాళ్లకు అది మామూలు ఆత్రం కాదు. కానీ వేల వ్యాసాలు చదివేవాడికి అరువు కన్నీళ్లన్నీ ఒక్కలాగే ఉంటాయి. సీటు దృష్టితో చూసినా ఆ బేరం గిట్టదు. సీటొచ్చినా నష్టమే. 17 ఏళ్లకు తన గురించి రాసిన మొదటి కథే అబద్ధమైతే, ఆ బిడ్డ ఆ అబద్ధాన్ని నాలుగేళ్లు అక్కడ మోయాలి.

హార్వర్డ్ 1922లో పేరు మార్పు గురించి పూర్తిగా వివరించమంది. ఆ ఫారం నింపిన యూదుల పిల్లల్లో ఎందరు ఏం రాశారో, రాస్తూ ఎంత తలొంచుకున్నారో ఏ రికార్డూ చెప్పదు. మన పిల్లలు తలెత్తి రాయాలి. పేరు మారలేదు అని రాసే ధైర్యం ఉంటే, తక్కిన 650 మాటలు వాటంతటవే వస్తాయి.